చేజేతులా కుళ్లబెట్టిన కిటికీలు

ఏడేళ్లపాటు నేను ఎవరికీ చెప్పని పని ఒకటుంది. మొదటి ఏడాది దాన్ని మరిచిపోగలననుకున్నాను. రెండో ఏడాది సమర్థించుకోగలననుకున్నాను. తర్వాత ఆ రెండు ప్రయత్నాలూ మానేసి ఊరికే మోస్తూ వచ్చాను. ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తున్నప్పుడు, కూర కలుపుతున్నప్పుడు, ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పుడు అది లోపల కదిలేది. ఒక మంచి మనిషి తన కళ్లనీ చేతులనీ తానే నమ్మకుండా పోయేలా చేశాను. అందులో నా చెయ్యి ఉందని మొన్నటిదాకా ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు.

మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు మొత్తం చెప్పగలుగుతున్నాను. ముందు ఇంగ్లీషులో రాయబోయాను. రాలేదు. ఆ కిటికీల గురించి ఇంగ్లీషులో నేను రాసిన ప్రతి వాక్యం ఏదో ఒక అప్లికేషన్ కోసం రాసిందే, అందులో సగం అబద్ధం. తెలుగులో మాత్రం వాటి గురించి నేను ఇంతవరకు అబద్ధం రాయలేదు. చెప్పాను, అందరి ముందూ ఒకసారి. ఆ సంగతీ వస్తుంది.

మాది వర్జీనియాలో, ఆష్‌బర్న్‌కి గంట దూరంలో ఉన్న చిన్న ఊరు. మనవాళ్లంతా కొత్త కమ్యూనిటీల్లో ఇళ్లు కొంటుంటే, మా ఆయన సుధాకర్‌ని ఒప్పించి రెండు వందల ఏళ్ల నాటి రాతిగోడల చిన్న ఇల్లు కొనిపించింది నేనే. వీధివైపు ఎనిమిది కిటికీలు. ఒక్కోదానికి పైన ఒకటి, కింద ఒకటి జరిగే చెక్క చట్రాలు, ఒక్కో చట్రంలో ఆరు గాజు పలకలు. ఆ ఊళ్లో పాత ఇళ్లకు ఒక రూలుంది. వీధికి కనపడేది ఏది మార్చాలన్నా రివ్యూ బోర్డు పర్మిషన్ ఇవ్వాలి. కొనేముందే చెప్పారు. నేను తలూపాను.

మొదటి చలికాలంలోనే ఆ కిటికీల సంగతి తెలిసొచ్చింది. సందుల్లోంచి గాలి ఈల వేసేది. మా స్నేహకి అప్పుడు ఆరేళ్లు. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని అన్నం తినేది. కిటికీలు తీసేసి కొత్తవి, రెండు పొరల గాజువి పెట్టించుకుంటామని అప్లై చేశాను. పాతవి పనికొస్తాయో రావో, తమ లిస్టులో ఉన్న పనివాళ్లలో ఒకరితో చూపించి రిపోర్ట్ తెమ్మన్నారు. అలా వచ్చాడు వాల్టర్.

డెబ్భై దాటినాయన. ముప్పై ఏళ్లుగా పాత కిటికీలు బాగుచేయడమే ఆయన పని. ఇంట్లోకి రాగానే బూట్లు విప్పబోయాడు, వద్దన్నా వినలేదు. గాజు ముందు నిలబడి తలని నెమ్మదిగా కుడికీ ఎడమకీ కదిపాడు. నన్నూ అలా చేయమన్నాడు. చేశాను. బయటి చెట్టు కొమ్మలు నీటిలో ఉన్నట్టు వంగి లేచాయి. ఆ గాజుని యంత్రం చేయలేదని చెప్పాడు. ఒక మనిషి పొడవైన గొట్టం చివర కరిగిన గాజుని ముంచి, ఊపిరి బిగబట్టి ఊది, దాన్ని పొడుగ్గా సాగదీసి, చీల్చి, పరిచాడట. పలకలో కనిపించే చిన్న బుడగలు అప్పటివేనట. "అంటే ఇది ఎవరో ఒకాయన ఊపిరి" అన్నాడు. అని, తాను ఎక్కువ మాట్లాడినట్టు తల గోక్కున్నాడు.

నాకు ఒళ్లు జలదరించింది. ఇది ముఖ్యం, అందుకే చెబుతున్నాను. నాకు తెలియక చేయలేదు. దాని గొప్పతనం నాకు ఆ రోజే తెలుసు.

తర్వాత సూదిమొన ఉన్న చిన్న పనిముట్టు తీసి చట్రం మూలల్లో, కింది పట్టెలో గుచ్చి చూశాడు. దిగలేదు. నా చేతికిచ్చి గట్టిగా నొక్కమన్నాడు. మొన జారిపోయింది. అది చేవదేలిన పైన్ చెక్క. అడవిలో పెద్ద చెట్ల నీడన, ఎండ కోసం కాచుకుంటూ, వందల ఏళ్లు మెల్లగా పెరిగిన చెట్టు నుంచి వచ్చింది. అందుకే దాని వలయాలు లెక్కపెట్టలేనంత దగ్గరగా ఉన్నాయి. అలాంటి చెట్లు ఇప్పుడు లేవట. ఒక చట్రాన్ని వేలితో పైకి నెట్టాడు. ఒక్క వేలితో. గోడ లోపల తాడుకి వేలాడుతున్న ఇనుప గుండు దిగిన చప్పుడు వినిపించింది. రెండు వందల ఏళ్ల కిందట ఎవరో తూచి కట్టిన తూకం. స్నేహ నేల మీద బోర్లా పడుకుని, "మమ్మీ, లైట్ స్విమ్ చేస్తుంది చూడు" అంది. నేల మీద వెలుగు నిజంగానే కాలవ అడుగున ఆడే వెలుగులా ఆడుతోంది.

కిటికీలన్నీ గట్టిగా ఉన్నాయి, పుట్టీ మార్చి సందులు మూస్తే చాలు, అని వాల్టర్ రిపోర్ట్ రాశాడు. బోర్డు నా అప్లికేషన్ తోసిపుచ్చింది. ఆ మీటింగ్‌లో ఒక పెద్దావిడ చాలా మర్యాదగా, ఆ కిటికీలు మనందరివీ అని చెప్పింది. నేను థాంక్యూ అని కూర్చున్నాను.

ఇంటికొచ్చి సుధాకర్‌కి చెప్తే ఆయనకేమీ అనిపించలేదు. "అయితే ఆ పెద్దాయనతోనే రిపేర్ చేయిద్దాం. ఒక్కొక్కటిగా చేస్తానన్నాడుగా" అన్నాడు.

"నా ఇంటి కిటికీకి కూడా ఇంకొకరిని అడగాలాండి?" అన్నాను.

ఆయన నవ్వి, "కొనేటప్పుడు నువ్వే కదా సరేనన్నావు" అన్నాడు.

నిజమే. నేనే. మరి ఎందుకంత కోపం వచ్చింది? ఈ ఏడేళ్లలో ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో ఆ ప్రశ్న. పదకొండేళ్లు హెచ్-వన్‌బి వీసా మీద ఉన్నాను. ఉద్యోగం మారాలంటే పర్మిషన్, ఊరెళ్లి రావాలంటే పర్మిషన్, ఉండడానికే మూడేళ్లకోసారి పర్మిషన్. ఇల్లు కొన్న రోజు, ఈ గోడల మధ్య మాత్రం నేను ఎవరినీ అడగక్కర్లేదనుకున్నాను. ఆ మాట చెప్పుకుని చాలాకాలం బతికాను. మంచి కారణమే. వింటే మీకూ జాలి కలగొచ్చు. కానీ వాల్టర్ నాకు వీసా ఆపినవాడు కాదు. బూట్లు విప్పుకుని ఇంట్లోకి వచ్చినవాడు.

ఏం చేశానో చెబుతాను.

వారానికి మూడు రోజులు నేను ఇంటి నుంచే పని చేసేదాన్ని. సుధాకర్ ఆఫీస్‌కి, స్నేహ స్కూల్‌కి వెళ్లాక, పొద్దున తొమ్మిదింటికి, కిటికీల కింద ఉన్న పొదల చాటున కూర్చునేదాన్ని. చట్రం అడుగు భాగంలో పుట్టీని గీకేశాను. రంగు ఊడదీశాను. చెక్కలో నీరు నిలవడానికి సన్నగా గాట్లు పెట్టాను. పైపుతో నీళ్లు పట్టాను. తడి గుడ్డలు మూలల్లో కుక్కి, తడి ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ టేపు అంటించాను. చలిగాలి రాకుండా అని సుధాకర్‌తో అన్నాను. ఆయన పాపం మెచ్చుకున్నాడు.

ఒక చలికాలం గడిచింది. టేపు తీసి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాను. దిగలేదు.

వేసవి గడిచింది. మళ్లీ నీళ్లు, మళ్లీ గుడ్డలు. చెక్క మీద కొంచెం గీత పడింది, అంతే. నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. మీకు ఎలా చెప్పాలి? నాకు భయం వేసింది. ఆ చెక్క మీద భక్తి లాంటిది కలిగింది. నేను రోజూ వచ్చి హింస పెడుతున్నాను, అది రోజూ ఒప్పుకోనంటోంది. ఎన్ని తుఫానులు, ఎన్ని మంచుకాలాలు చూసిందో. వాల్టర్ చెప్పిన మాట అక్షరాలా నిజమని ఈ భూమ్మీద నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆయన ఒకసారి గుచ్చి చూశాడు. నేను ఇరవై నెలలు గుచ్చి చూశాను.

అప్పుడైనా ఆపొచ్చు కదా. ఆపలేదు. అది అంత గట్టిగా ఉండడమే నన్ను ఇంకా పంతానికి ఎక్కించింది. రెండో చలికాలం చివర, ఒక మంగళవారం, మొన సగం దాకా దిగింది. లోపలి నుంచి తడి పుట్టగొడుగు వాసన వచ్చింది. గెలిచాననుకోవాలి. లోపలికి వెళ్లి చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.

గుడ్డలు, టేపు తీసేసి, రెండు వారాలు ఎండనిచ్చి, గాట్ల మీద రంగు పూసి, మళ్లీ అప్లై చేశాను. ఈసారి బోర్డు వాళ్లే మనిషిని పంపారు. ఆయన వేలితో నొక్కితేనే చెక్క పొడిపొడిగా రాలింది. ఎనిమిది కిటికీల్లో ఆరు అలాగే ఉన్నాయి. మీటింగ్‌లో వాళ్లు వాల్టర్ పాత రిపోర్ట్ తెరిచారు. అన్నీ గట్టిగా ఉన్నాయని రెండేళ్ల కిందట రాసిన కాగితం. పిలిపించినట్టున్నారు, వెనక వరసలో టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

లేచి నిలబడ్డాడు. అలాంటి చెక్క రెండేళ్లలో అలా అవడం తన జీవితంలో చూడలేదని చెప్పాడు. ఇక అడుగుతాడు, నా వైపు చూస్తాడు అనుకున్నాను. ఆయన మాత్రం, కాబట్టి తాను చూసినప్పటికే లోపల కుళ్లు మొదలై ఉండాలని, తానే కనిపెట్టలేకపోయానని అన్నాడు. కూర్చున్నాడు.

చూశారా ఎలా ఆలోచించాడో. ముప్పై ఏళ్ల అనుభవం ఇది అసాధ్యమని చెబుతోంది. ఎదుట ఒక ఆడమనిషి ఉంది, పక్కన చిన్నపిల్ల. నన్ను అనుమానించడం కంటే తనని అనుమానించుకోవడం ఆయనకు తేలికైంది. అలాంటి మనసు ఎలా తయారవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ గాజులాగే, ఆ చెక్కలాగే, అదీ ఇప్పుడు దొరకనిదేమో.

పర్మిషన్ వచ్చింది. మరుసటి శనివారం మధ్యాహ్నం వాల్టర్ మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. వరండాలో నిలబడ్డాడు.

"క్షమించమని అడగడానికి వచ్చాను మేడమ్" అన్నాడు. "నా మాట వల్ల మీరూ పాపా రెండు చలికాలాలు ఇబ్బంది పడ్డారు."

నేను తలుపు ఇంకొంచెం తెరిచి పట్టుకున్నాను.

"నా చేతికి తెలిసేది, ఇదివరకు. ముట్టుకుంటే తెలిసేది. ఎక్కడ తప్పానో అని రాత్రింబవళ్లు ఆలోచిస్తున్నాను."

"పరవాలేదు" అన్నాను.

"పరవాలేదని మీరనడం మీ మంచితనం."

అప్పుడు నేనన్న మాట ఇది. "తప్పులు అందరం చేస్తాం. నేనేం మనసులో పెట్టుకోలేదు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. థాంక్యూ అన్నాడు. వెళ్లేముందు, ఒక్కసారి ముట్టుకోవచ్చా అని అడిగి, బయటి నుంచే ఒక చట్రం మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఏదో వినబడుతుందేమో అన్నట్టు. ఆ నెలలోనే బోర్డు లిస్టు నుంచి తన పేరు తీసేయమని రాసిచ్చాడని తర్వాత తెలిసింది.

నేను ఆయన్ని క్షమించాను. నేను. కిటికీల కంటే, నీళ్ల కంటే, గాట్ల కంటే, నన్ను ఎక్కువ కాల్చేది ఆ ఒక్క వాక్యం. చెప్పడానికి దేవుడు నా ముందు మనిషిని నిలబెట్టాడు, వరండా ఖాళీగా ఉంది, సుధాకర్ స్నేహని స్విమ్మింగ్‌కి తీసుకెళ్లాడు. ఇంతకంటే తేలికైన సమయం ఎవరికి దొరుకుతుంది? నేను దాన్ని దయ చూపించడానికి వాడుకున్నాను.

ఇక తెలుగులో అందరి ముందూ చెప్పిన అబద్ధం. మా తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నాలు ఒక స్కూల్ హాల్లో జరుగుతుంది. పాస్టర్‌గారు సాక్ష్యాలు ఎవరైనా చెప్తారా అని అడిగారు. నేను లేచాను. రెండేళ్లు మూసుకుపోయిన తలుపుని ప్రభువు తెరిచాడని, ప్రార్థనకు జవాబు వచ్చిందని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. మైక్ పట్టుకున్న నా గోళ్లలో ఇంకా ఆ రంగు ఉందేమోనని చూసుకున్నాను.

కొత్త కిటికీలు పెట్టడానికి వచ్చినవాళ్లు ఒక్క రోజులో పాతవన్నీ పీకేశారు. అప్పుడు చూశాను. ప్రతి చట్రం అడుగున, ఏది ఏ చోట సరిపోతుందో తెలియడానికి, చేసినవాడు ఉలితో చిన్న గుర్తులు చెక్కాడు. ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు. ఎవరూ చూడని చోట అంత శ్రద్ధ. ఆరు గీతల చట్రాన్ని ఒకతను చెత్త డబ్బాలోకి విసిరాడు. గాజు పగిలింది. పెద్ద చప్పుడేం రాలేదు.

కొత్త కిటికీలు బాగున్నాయి. ఇల్లు వెచ్చగా ఉంది. నేల మీద వెలుగు కదలకుండా పడుతుంది. స్నేహ రెండు మూడు రోజులు అక్కడ పడుకుని చూసి, లేచి వెళ్లిపోయింది. మళ్లీ అక్కడ పడుకోలేదు.

ఇలా ఏడేళ్లు. మొన్న సెప్టెంబరులో స్నేహకి స్కూల్ ప్రాజెక్ట్ ఇచ్చారు. ఊళ్లో పాత పనులు చేసేవాళ్లతో మాట్లాడి రాయాలి. టీచర్ ఇచ్చిన పేర్లలో వాల్టర్ పేరు ఉంది. తిరిగొచ్చి భోజనం దగ్గర చెప్పింది. "మమ్మీ, ఆ అంకుల్ మన హౌస్ గుర్తుంది అన్నాడు. అదే లాస్ట్ హౌస్ అంట. తర్వాత వర్క్ స్టాప్ చేసేశాడు. హ్యాండ్స్ని ట్రస్ట్ చేయలేను అన్నాడు. సో సాడ్ కదా."

సుధాకర్ "అయ్యో" అన్నాడు. నేను అన్నం పళ్లెం ముందు నుంచి లేచాను.

నా అబద్ధం నా పిల్ల నోట్‌బుక్‌లో నిజమై కూర్చుంది. దాన్ని తను తన స్కూల్లో చదివి వినిపిస్తుంది. ఇంకా ఎంత దూరం వెళ్లనివ్వాలి?

ఆ శనివారం ఒక్కదాన్నే వెళ్లాను. వాల్టర్ ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంటున్నాడు. ఇంటి వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టి, పాప చాలా తెలివైనదని మెచ్చుకున్నాడు. నేను కూర్చోకుండానే చెప్పాను. దారి పొడుగునా సిద్ధం చేసుకున్నవన్నీ పోయి, నీళ్లు పోశాను, నేనే పోశాను, అని మాత్రం వచ్చింది.

ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. తర్వాత అడిగాడు.

"అంటే, చెక్క గట్టిదే?"

"గట్టిదే."

"అన్నీనా?"

"అన్నీ. మీరు రాసినట్టే."

"ఎన్నాళ్లు ఆగింది?"

"ఇరవై నెలలు."

ఆయన తన చేతుల్ని తిప్పి చూసుకున్నాడు. ఆ ముఖంలో నాకు కోపం కనిపిస్తుందనుకున్నాను. ముందు కనిపించింది ఆశ్చర్యం. ఇరవై నెలలు, అని మెల్లగా అనుకున్నాడు, పాత స్నేహితుడి ధైర్యం గురించి ఎవరో కబురు చెప్పినట్టు. అంతలోనే ఆ వెలుగు పోయింది. ఏడేళ్లు, అన్నాడు. అప్పుడు నన్ను చూశాడు. ఆ చూపుని నేను వర్ణించను. అది నాది.

"మీరిక వెళ్లండి" అన్నాడు.

వెళ్లాను. ఆయన క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఆ మాట ఆయన ఒకసారి నన్ను అడిగాడు, నేను దాన్ని ఏం చేశానో మీకు తెలుసు.

ఆ సాయంత్రమే సుధాకర్‌కి చెప్పాను. "టేపు వేశావని మెచ్చుకున్నాను నిన్ను" అన్నాడు. మూడు వారాలైంది, అవసరమైన మాటలే మాట్లాడుతున్నాడు. స్నేహకి కూడా చెప్పాను. తను ప్రాజెక్ట్ మళ్లీ రాస్తానంది. నేను వద్దనలేదు. చర్చిలో ఇంకా చెప్పలేదు. చెప్పాలి.

నిన్న టౌన్ ఆఫీస్‌కి వెళ్లాను. జరిగిందంతా, ఏ నెలలో ఏం చేశానో, ఎలా చేశానో, వాల్టర్ రిపోర్ట్‌లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదని రాసి సంతకం పెట్టిన ఉత్తరం తీసుకుని. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి, ఇది దేని గురించి అని అడిగింది. కిటికీల గురించి అనేసి ఊరుకోవచ్చు. "పర్మిషన్ కోసం మా ఇంటి కిటికీలు నేనే పాడుచేశాను. ఇంకొకరి మీద నింద పడింది" అన్నాను. నా ఇంగ్లీషు వణకలేదు. ఆ అమ్మాయి తలెత్తి చూసింది. కంప్యూటర్‌లో ఏదో టైప్ చేసింది. ఉత్తరం మీద 'అందినది' అని ముద్ర వేసి, ఒక కాపీ నా చేతికిచ్చింది.

బోర్డు ఏమంటుందో తెలియదు. జరిమానా వేస్తారో, కిటికీలు మళ్లీ పాత పద్ధతిలో చేయించమంటారో. బయటికొచ్చి ఆఫీస్ మెట్ల మీద కూర్చున్నాను. పక్కన ఎవరో కుక్కని నడిపిస్తూ గుడాఫ్టర్‌నూన్ అన్నారు. నేనూ అన్నాను. ఎండ బాగుంది. నా ముఖంలో దాచుకోవాల్సింది ఏదీ లేకుండా ఒక మనిషికి బదులిచ్చి ఏడేళ్లయింది.